కోటి ఎర్గులు

రాయపురం కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో
ఇత్తడి ఏదీ ఇత్తడి రంగులో ఉండదు.
హార్బరు గాలి కిటికీలోంచి దూరి
తూనికరాళ్ళను కొంచెం కొంచెం నాకిపోతుంది.
యాభై గ్రాముల బిళ్ళ నలభై తొమ్మిదిన్నరే.
అటెండరు మునిరత్నం గారికి తెలుసు,
రికార్డులకే తెలీదు.

హాజరుపట్టీలో నా ఇంటిపేరు చూసి
మొదటి వారమే పలకరించారు
మద్రాసు తెలుగులో, "ఏం పాపా, తింటివా?" అని.
సోనోమీటరు తీగ బిగిస్తూ ఒకనాడు
గొంతు తగ్గించి చెప్పారు:
"ఎర్గు మన మాటేనమ్మా.
ఎరుగుదును, ఎరగను, అదే.
దొర నోట్లో నడిమి ఉకారం ఊడిపాయె."

నేను నవ్వలేదు.
ఎంత ఎత్తుకు లేచిందో
ఆ బరువుకే ఎరుక గనక
ఆ పేరు పెట్టారని
ముప్పై ఒక్కేళ్ళుగా ఆయన నమ్మకం.

నిఘంటువు తెరిచింది నేనే.
గ్రీకు మాటట. ఎర్గోన్.
అర్థం: పని.

బీకరు తుడుస్తున్న గుడ్డ ఆగింది.
"పనా?"
"పనే."
"ఉత్త పనా?"

కాసేపటికి అడిగారు, ఒక ఎర్గు ఎంతుంటుందని.
దోమ అర సెంటీమీటరు పైకి లేస్తే చాలన్నాను.
రాయపురంలో దోమలకేం కొదవ,
ఇద్దరం నవ్వాం.

డిసెంబరు వాన స్టోరులోకి వచ్చిన రాత్రి
ఆయన పెట్టెలు రెండో అంతస్తుకు మోశారు.
పెట్టె ఇరవై కిలోలు, మెట్లు ఎనిమిది మీటర్లు.
రికార్డు వెనక అట్టమీద లెక్క కట్టాను:
పదిహేను వందల అరవై ఎనిమిది కోట్ల ఎర్గులు.
"ఒక్క పెట్టెకా?
పదకొండు మోస్తిని గదా!
కోటీశ్వరుడికి ఆ రోజు ఓటీ కూడా ఇయ్యలా."

"కోటి ఎర్గులైతే ఒక జౌల్," అన్నాను.
"దానికేం అర్థం?"
"అర్థం లేదు. ఒకాయన ఇంటిపేరు."
ఆయన వేళ్ళమీద ఏదో లెక్కపెట్టి
మధ్యలో వదిలేశారు.
"కోటి పనులు కుప్పేస్తే
ఒక పేరా?"
గుడ్డ పిండి, తీగమీద ఆరేసి,
గ్యాసు కట్టేసి వెళ్ళిపోయారు.

మళ్ళీ జూన్. గూడూరునుంచి కొత్త కుర్రాడు.
పక్క బల్ల దగ్గర అదే గొంతు, తగ్గించి:
"ఎర్గు మన మాటే నాయనా..."
చెబుతూ నావైపు చూశారు.

నేను యాభై గ్రాముల బిళ్ళ
పళ్ళెంలో పెట్టి
రికార్డులో
యాభై అనే రాశాను.