ఉండపాకం

మా డిపో మెషీను
దమయంతి వేలిని గుర్తుపట్టదు.
బొటనవేలు, చూపుడువేలు, మళ్ళీ బొటనవేలు,
తడిగుడ్డతో తుడిచి, నా లుంగీ అంచుతో తుడిచి,
ఎర్ర లైటే.
ఇరవైరెండేళ్ళు కాశీబుగ్గ బట్టీల్లో
జీడిపిక్కలు కొట్టిన చెయ్యి.
గీతలన్నీ జీడి తాగేసింది.
"రేపు రా అప్పా, సిగ్నలు లేనట్టుంది" అంటాను.
సిగ్నలు నిండుగా ఉందని ఇద్దరికీ తెలుసు.

దీపావళి రెండు రోజుల్లోకి వచ్చింది.
ఆమె పేరున రావాల్సిన అరకిలో చక్కెర
గోనెల వెనకాల అలాగే ఉంది.

ఆ సాయంత్రం మా ఇంట్లో పాకుండలు.
నానిన బియ్యం మరకి వెళ్ళి
తడి ఆరకముందే తిరిగి రావాలని
మూడుసార్లు పరిగెత్తించింది ఊర్మిళ.
పిండిని పిడికిట్లో నొక్కి చూసి
జొరమొచ్చిన పిల్లకి కప్పినట్టు
గుడ్డ కప్పింది.
బెల్లం దగ్గరే ఆమెకి భయం.
పోయినేడు పాకం లేతైపోయి
నూనెలో ఒక్కో ఉండా విచ్చుకుని
మూకుడంతా మడ్డి.
అంతకు ముందేడు ముదిరిపోయి,
మా నాన్న పన్ను సంగతి
వీధి వీధంతా చెప్పుకుంది.
అందుకే గోడమీంచి కేకేసింది:
"ఓలప్పా, దమయంతప్పా, ఓపాలి రాయే,
ఈ పాకం నా వొల్ల కాటం నేదు."

వచ్చింది. మెషీను మాట ఎత్తలేదు.
చేతులు కడుక్కుని
పొయ్యి ముందు గొంతుక్కూర్చుంది.
పెద్ద బుడగలు చిన్నబడేదాకా ఊరుకుని
గరిటె అంచున జారుతున్న బొట్టుని
నీళ్ళలో వదలకుండానే
వేళ్ళతో అందుకుంది.
నేను అరిచాను. ఊర్మిళ నాకంటే గట్టిగా అరిచింది.
"కాల్దులే బాబూ, సచ్చిపోయిన తోలు.
కాల్దు గానీ, తెల్దు కూడాను.
మెత్తనేదో గట్టేదో
ఈ ఏళ్ళు నాకు సెప్పడం మానేసి శానా కాలమైంది."

మరి ఎలాగ?
నీళ్ళలో ముంచి, ఉండ చేసి,
స్టీలు పళ్ళెం మీదికి విసిరింది.
చెవి వంచింది.
టప్.
"లేత."
ఇంకో బొట్టు.
టక్.
"ఇంకో సిటం. సెగ తగ్గించు."
వీధిలో పిల్లలు సీమటపాకాయలు పేలుస్తుంటే
"ఆపండర్రా" అంటూ లేచి వెళ్ళాడు మా నాన్న,
మిగిలిన పళ్ళ మీద ప్రేమతో.
వంటింట్లో ఎవరం కదల్లేదు.
టంగ్.
"దించీ! బేగి దించీ!"

పిండి పడింది, నువ్వులు పడ్డాయి, కొబ్బరి,
ఏలక్కాయ పొడి.
చెంగు ముడిలోంచి కాగితం పొట్లం తీసింది.
జీడిపప్పు ముక్క.
"గుండు షావుకారుది, బద్ద షావుకారుది.
ముక్క నాది. దొంగది కాదు బాబూ,
జీతంలో కోసుకున్నారు."
నేనేమీ అడగలేదు, అయినా చెప్పింది.

అందరం చుట్టడానికి కూర్చున్నాం.
ఊర్మిళ ఉండలమీద వేళ్ళ గీతలు.
నావాటి మీద గీతలూ, ఉంగరం నొక్కూ.
దమయంతివి మాత్రం
మహేంద్రతనయలో రాళ్ళలా నున్నగా.
నూనెలో మావి రెండు పగిలాయి.
ఆమెది ఒక్కటీ పగల్లేదు.

రాత్రి చక్కెర పొట్లం పట్టుకుని
ఆమె గుమ్మం ముందు నిలబడ్డాను.
తీసుకోలేదు.
"ఏలు పడ్డాక తీసుకుంటాను.
నేకపోతే రేపు నీ మీదే ఎవరో రాసేస్తారు."
పాకుండ ఒకటి నా చేతిలోనే పెట్టి పంపింది,
మా ఇంట్లో చుట్టిందే.

పొద్దున్న లైనులో ఐదో మనిషి.
వేలు పెట్టింది.
ఎర్ర లైటు.
అద్దం మీద ఏదో జిడ్డు మెరిసింది.
వంగి చూశాను. ఏలక్కాయ వాసన.

గుడ్డ తీశాను, తుడవలేదు.
వెనకున్న సుంకరి రామ్మూర్తిగారికి,
లక్షణమైన పది వేళ్ళున్న మనిషికి,
ఆయనకీ ఎర్ర లైటే.