కళ్ళు మూసుకో

కళ్ళు మూసుకో అత్తా,
ఎక్కడ తాకానో వేలు పెట్టి చూపించు.

పెద్దజాలారిపేటలో ముప్పై ఒకటో ఇల్లు.
గోడ మీద సుద్దముక్కతో తేదీ రాసి
కింద చిన్న గీత గీసి లోపలికొచ్చాను.
బయట ఇసకలో నెత్తళ్ళు ఎండుతున్నాయి.
కాకుల్ని తోలే పిల్లాడు నా సంచీ చూసి
పోలియో చుక్కలనుకుని పరిగెత్తాడు.

"నాకేటీ లేదే. దురదా లేదు, నొప్పీ లేదు.
మా ఇంట్లో అలాటోలెవులూ లేరు"
అంది మైలపల్లి కాసులమ్మ.
'అలాటోలు' దగ్గర గొంతు తగ్గింది.
ఈ వీధిలో ఆ జబ్బు పేరు ఎవరూ పలకరు.
పెద్దది అంటారు, అంతే,
అప్పులవాడి పేరు పొద్దున్నే తలవనట్టు.

నొప్పుంటే నువ్వే వచ్చేదానివి అత్తా.
లేదనే నేనొచ్చాను.

తలుపు మూసి వీపు చూశాను, మెడ చూశాను.
గంప మోసీ మోసీ నడినెత్తి పలచబడింది.
వేళ్ళ సందుల్లో ఉప్పు కోసిన పగుళ్ళు,
రొయ్య ముల్లు దిగిన పాత గాట్లు.
ఇవన్నీ పని పెట్టినవి.
వీటికి నా రిజిస్టర్‌లో గడి లేదు.

ఎడమ మోచేతి కింద మాత్రం
రూపాయి బిళ్ళంత చోటు
ఎండకి వెలిసిన గుడ్డలా.

బాల్‌పెన్ను మొన ఆనించాను.
భుజం మీద. వేలు పెట్టింది.
మణికట్టు మీద. "ఇదిగో, సక్కిలిగింత" అంది.
మచ్చ మీద.

బయట బోటు ఇంజను రెండుసార్లు దగ్గి ఆగింది.
"ఇంకా ఎట్టలేదేటి?"
దూదితో కూడా తాకాను.
"ఎట్టవే, మార్కెట్టుకి టయిమవుతాది."

కళ్ళు తెరిచింది.
నా పెన్ను ఇంకా అక్కడే ఉంది.
కాటాలో మోసపోయిన మనిషి
బేరగాడి వేళ్ళని చూసినట్టు
తన చేతినే చూసుకుంది.
మొన్న పెనం అంటుకుంటే
పొక్కొచ్చాకగాని తెలీలేదట.
పెనాన్నే తిట్టిందట.

డాక్టరు చూసి తేల్చాలి,
అదే అయినా నెలకో మాత్రల అట్ట, పైసా ఖర్చు లేదు,
ఒంటేలు ఎర్రగా వస్తే భయపడకు,
కంఠతా వచ్చినవన్నీ చెప్పాను.
ఆమె నా చేతిలోంచి పెన్ను లాక్కుంది.

"నిన్నెవులు సూసేరే?"

పధ్నాలుగు రోజులు, రెండొందల గడపలు.
నన్నెవరూ చూడలేదు.

"మూసుకో కళ్ళు."

భుజం. మోచెయ్యి.
జడ పక్కకి తీసి మెడ వెనక,
చేపల వాసనతో, గరుగ్గా, ఓపిగ్గా.
ప్రతిసారీ వేలు పెట్టాను.

తర్వాత చాలాసేపు ఏమీ లేదు.
పెన్ను ఎత్తేసిందో
ఆనించే ఉందో,
కళ్ళు తెరవడానికి
నాకు కొంచెంసేపు పట్టింది.