చిటికెడు

దోర్మాలో డిసెంబరు దాకా వాన వదలని ఏడు
రెండో పంట మొక్కజొన్న తడితడిగానే దాణా మిల్లుకొచ్చింది.

టార్పాలిన్ విప్పకముందే తెలిసింది నాకు,
ముక్కవాసన.
"హార్మటాన్ గాలి తగిలితే పోతుందిలే, మేడమ్,"
అన్నాడు డ్రైవరు క్వాకు డాప్పా
టైరును అరచేత్తో తడుతూ, ఎద్దును తట్టినట్టు.

మొన తేలిన గొట్టం ఒకటి నా చేతిలో.
పైన మూడు బస్తాలు, నడుమ నాలుగు,
అడుగున, ఎవరికీ చూపించడం ఇష్టంలేని చోట, ఐదు.
పైవరస బస్తాలు ఎప్పుడూ
పెళ్లిచూపులకు కూర్చున్నట్టే ఉంటాయి.
పొడిచిన చోటల్లా చిల్లుకు నీలం టేపు అంటించాను.

చీకటి గదిలో ఊదా దీపం కింద
పగిలిన గింజల అంచున పచ్చదనం కలిసిన పసుపు మిణుకు.
మిణుగురులనబోయి ఆగాను.
మిణుగురు ఎవరి కాలేయమూ తినదు.

నూరి, స్పిరిట్‌లో కలిపి, కాగితప్పట్టీ ముంచి
ఐదు నిమిషాలు.
గోడగడియారం తప్ప ఎవరూ మాట్లాడరు అప్పుడు.

మా మిల్లు గీత ఇరవై.
ఇరవై ఏమిటని అందరూ అడుగుతారు.
వంద కోట్ల పాళ్లలో ఇరవై పాళ్లంటే నవ్వుతారు.
అందుకని ఇలా చెప్తాను:
ముప్పై టన్నుల లారీ మొత్తానికీ
చిటికెడు ఉప్పు.

ఈ లారీకి నూట నలభై.

ఆ చిటికెడు ఏం చేస్తుందో
అఫ్రియే అక్క షెడ్డులో చూశాను.
ముందు చావలేదు కోళ్లు, అదే మోసం.
మేత తగ్గించాయి. తురాయిలు వెలిసిపోయాయి.
గుడ్డు పెంకు బొటనవేలికి కాగితంలా లొంగింది.
కోసి చూస్తే, ముదురెరుపు ఉండాల్సిన చోట
మట్టిపసుపు ముద్ద, వేలికి నలిగే జున్నులా.
ఆమె ఏడవలేదు.
అప్పు పుస్తకం తెచ్చి నా ముందు తెరిచి పెట్టింది, అంతే.

కాబట్టి ఎర్రముద్ర వేశాను.
క్వాకు తిట్టలేదు.
తాళ్లు బిగించుకుంటూ మెల్లగా అన్నాడు:
"దీనికి కోళ్లే కావాలా ఏమిటి, మేడమ్?"
వినీ విననట్టు పుస్తకంలో రాసుకున్నాను.
తిరస్కరణ. తేదీ. సంతకం.
ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది.

మూడోనాడు సంతలో
మాన్సా దగ్గర కెంకే కొనబోయాను.
పులిసిన పిండి, పొత్తు రేకుల్లో చుట్టి ఉడికించిన ముద్దలు,
పదహారేళ్లుగా రెండు కొంటే మూడోది కొసరు.
ఆమె వెనక నాలుగు బస్తాలు.
ఒకదానికి నీలం టేపు.

"చవగ్గా దొరికింది," అంది.
"నల్లగింజలు ఏరేశాను, కడిగాను, నానబెట్టాను.
ఇంతసేపు ఉడికాక ఏదైనా చస్తుందిగా?"

మంటకు బూజు చస్తుంది, విషం చావదు.
కాలేజీలో ఈ జవాబుకే నాకు పూర్తి మార్కులు.
సంత నడుమ నోరు పెగల్లేదు.

కోడికి ఒక గీత ఉంది, గేటు ఉంది,
నెలజీతానికి నేనున్నాను.
మాన్సా మనవడు ఆ బస్తా మీదే కూర్చుని
వేళ్లు నాకుతున్నాడు.

"గేటు బయట మనది కాదు,"
అన్నాడు మేనేజరు బెదియాకో, ఫైలు మూస్తూ.
చెడ్డవాడు కాదు. గేటు అక్కడిదాకానే కట్టారు మరి.

మర్నాడు ఊదా దీపం సంచిలో దాచుకుని వెళ్లాను.
దొంగతనమే, ఒప్పుకుంటాను.
మిట్టమధ్యాహ్నం ఎండలో అది దేన్నీ చూపించలేదు.
వెర్రిదాన్ని చూసినట్టు చూసింది మాన్సా.
తర్వాత ఏమనుకుందో,
భుజం మీది గుడ్డ తీసి
మా ఇద్దరి తలల మీదా కప్పింది.

ఆ జానెడు చీకట్లో
ఆమె దోసిలి వెలిగింది.

చాలాసేపు ఊపిరి చప్పుడే.
మూడువందల బస్తాల లారీ అది.
నాలుగు దొరికాయి.
మిగతావాటి లెక్క తెలుసు నాకు, దారి తెలియదు.

మాన్సాకు తెలుసు.
గుడ్డ కిందినుంచే గొంతెత్తి
పక్క కొట్టు ఆమెను పిలిచింది.