సంతకం పెట్టే జాగ

సుబేదారిలో స్టాంపు కాగితాలమ్మే మొండయ్య
కళ్ళద్దాలు నుదుటికెక్కించి అడిగిండు:
"ఏం రాసిస్తున్నవ్? ప్లాటా?"
కాదన్న. కంప్యూటర్ ప్రోగ్రాం అన్న.
"మరి హద్దులేం రాయాలె?"

నిజమే, తూర్పున ఏమున్నది దీనికి?
కొత్తవాడ జంపఖానాల అంచుకు
గళ్ళు లెక్కపెట్టి గ్రాఫు గీసే పని
ఆరేండ్ల కింద కంప్యూటరుకు నేర్పిన.
"పడుగు" అని పేరు పెట్టిన. పైసలడగలే.
ఎవరైనా విప్పి చూడొచ్చు, మార్చుకోవచ్చు.

ఇప్పుడొక ఫౌండేషన్ ఉత్తరం రాసింది.
లాభాపేక్ష లేదట.
హక్కులన్నీ మా పేర రాసియ్యండి,
కోర్టుల్లో మేం కాపాడుతం అని.
నాలుగో పేరాలో "శాశ్వతంగా" అని ఉన్నది.

మంచోళ్ళే. వాళ్ళ మేడం ఫోన్లో మెల్లగ అడిగింది:
"రేపు మీకేమన్నా అయితే?"
ఆ రాత్రి నిద్ర పట్టలే.
పాస్‌వర్డు నా తలలో తప్ప ఎక్కడా లేదు.
కాజీపేట రోడ్డు మీద ఒక లారీ చాలు,
పడుగంతా ఒక్కసారే తెగుతది.

అయినా
మా మగ్గాల సంఘం గోదాము యాదికొస్తది.
అదీ లాభం కోసం కాదు.
ఎవరిదీ కాదు కనుక అందరిదీ అన్నరు.
ఒక వానకాలం మీటింగుల
కోరం సరిపోయింది, తొమ్మిది చేతులు లేచినయ్,
నియమావళిలో ఒక్క మాట మారింది.
దసరా నాటికి అక్కడ టైల్స్ షోరూం.
చేతులెత్తినోళ్ళు దొంగలు కాదు.
కట్టినోళ్ళు అప్పటికి లేరు, అంతే.

ఇంకో సంగతి. ఇది నాదొక్కనిదా?
అద్దంలెక్క తిప్పితే నెమలి మెడ ఒక పోగు జరిగేది,
రెండేండ్లు తల పట్టుకున్న.
పదిహేడు వరుసల్లో సరిచేసింది కరీమాబాద్ నజీమా,
పాలిటెక్నిక్ సగంల ఆపిన పిల్ల.
రంగుల పట్టిక సిరిసిల్ల గుండేటి భూమేశ్‌ది.
"ఎరుపు"లో జారిన కొమ్మును
పేరు చెప్పకుండా ఎవరో దిద్దిపోయిండ్రు.
వాళ్ళ పోగులు నేనెట్ల రాసియ్యాలె?

నజీమాను అడిగిన. కుట్టుమిషన్ ఆపకుండనే అన్నది:
"వాడుకొమ్మను అన్నా, ఎవరొద్దన్నరు?
నా పదిహేడు వరుసలు నా పేరు మీదనే ఉండనియ్."

వంద రూపాయల కాగితం ఇంకా సంచిలనే ఉన్నది.
పెన్సిల్‌తో అంచున రాసిన:
ఏ రోజు దీనికి తాళమేస్తరో
ఆ రోజు ఇది తిరిగి చేరాలె...
ఎవరికి, అన్న కాడ ముల్లు విరిగింది.

పాస్‌వర్డు మటుకు రెండు ముక్కలు చేసి
సగం నజీమాకు, సగం భూమేశ్‌కు పంపిన.
వాళ్ళిద్దరికీ
ఒకరంటే ఒకరికి పడదు.