మొదటి గ్లాసు

కువైట్‌లో మామా అంటే ఇంటి యజమానురాలు.
మా రాయచోటి పక్క మామా అంటే మొగుడు.
ఈ గదిలో మామా అంటే ఓబుళమ్మ.

ముప్పై ఒక్క మందిమి.
అకామా చచ్చినోళ్లం, కఫీలు ఇంటి గోడ దూకినోళ్లం,
మెడలో వేసుకోని గొలుసు మెడకు చుట్టుకున్నోళ్లం.
టిక్కెట్టు వచ్చేదాకా ఇదే ఊరు.
పైన కిటికీలోంచి జహ్రా రోడ్డు వినబడుతుంది, కనబడదు.

వచ్చిన మూడో రోజు ఓబుళమ్మ
కత్తెర ఎక్కడ సంపాదించిందో, జడ కోసేసుకుంది.
పేలు, అంది.
తువ్వాలు తలకు చుట్టింది. గొంతు కిందికి దించింది.
తలుపు పక్క పరుపు ఆమెది.
వార్డెన్ అరబ్బీలో కసిరినప్పుడు
మా అందరి ముందు పడే అడుగు ఆమెది.

దానికి బదులు మేమేం ఇచ్చామో ఎవరూ లెక్క రాసుకోలేదు.
దిలానీ కాళ్లు పడుతుంది.
నేపాలీ పిల్ల మన్మాయ రొట్టె మధ్య మెత్తన తీసి ఆమెకు పెట్టి
అంచులు తాను నములుతుంది.
నేను ఆమె బట్టలు ఉతికి, మడత పెట్టి
పరుపు కింద రాత్రంతా అదిమి ఇస్త్రీ చేస్తాను.
పదకొండేళ్లు మూడిళ్లలో దిష్దాషాలు ఇస్త్రీ చేసినదాన్ని.
ఒక్క మగాడూ లేని చోట
మళ్లీ ఒక మగాడి చొక్కా వెతుక్కున్నాను.

కొత్తగా వచ్చిన ఇథియోపియా పిల్లను చూసి
మామ రెండుసార్లు నవ్విందని
మన్మాయ అలిగి పళ్లెం విసిరింది.
ఓబుళమ్మ చెయ్యెత్తింది.
ఎత్తిన చెయ్యి గాల్లోనే ఆగింది.
ఆ చెయ్యి ఎవరిదో మాకందరికీ తెలుసు,
ఒక్కొక్కరికి ఒక్కో ఊళ్లో.

మంగళవారం ఫోను. మనిషికి నాలుగు నిమిషాలు.
వరుసలో ఆమె వెనక నేనే.
నంబరు కలవగానే
తలమీది తువ్వాలు భుజం మీదికి దిగి పైటైంది.
"అట్నే లేయ్యా... ఔ, తిన్న్యా...
కోపం జేసుకోవాక, వచ్చినాక నీ కాళ్లు పట్టుకుంటా"
సన్నటి గొంతు. ఈ గది ఎన్నడూ వినని గొంతు.
ఫోను పెట్టింది. దగ్గింది.
రెండు దగ్గుల మధ్య మామ తిరిగొచ్చాడు.
"ఏందమ్మే చూస్తాండావు, జరుగు."
జరిగాను.

ఏది వేషమో నన్నడగొద్దు.

టిక్కెట్టు వచ్చిన పొద్దున
నీళ్లు రాసి పాపిడి తీయబోయింది.
కురచ జుట్టు, నిలవలేదు.
"సవరం యాడన్నా దొరుకుతాదా అమ్మే?"
జైల్లో అడిగింది, నన్ను.
ఇద్దరం నవ్వాం. ఆమె ముందు ఆపేసింది.
నల్ల ముసుగు కనుబొమల దాకా లాక్కుని పోయింది.
తువ్వాలు కిటికీ చువ్వకే ఉండిపోయింది.

సాయంత్రం చాయ్ వచ్చింది.
మన్మాయ చక్కెర కలిపి
మొదటి గ్లాసు పట్టుకుని గది మధ్య నిలబడింది.
తలుపు వైపు చూసింది. దిలానీ వైపు చూసింది.
తెచ్చి నా ముందు పెట్టింది.

వద్దనలేదు నేను.
కాళ్లు బారజాపుకుని
తాగాను.
వేడిగా ఉంది. బాగుంది.