ఇరవై వేల దగ్గర

పీణ్య రెండో స్టేజీ. వానకి కరెంటు పోయొచ్చిన సాయంత్రం.
బల్ల మీద బోర్లా చక్రాల కుర్చీ,
చెవిలో దూరిన దోమలా
దాని మోటారు ఒకటే కూత.

"ఈ బండి నాకన్నా ముందే లోపలికెళ్తుందయ్యా,
లైబ్రరీలో తలలన్నీ లేస్తాయి.
ఒక్కసారైనా ఎవరికీ తెలీకుండా వచ్చి
కూర్చోవాలని ఉంది"
అని చెప్పి పోయాడు శ్రీకంఠయ్య.

సెకనుకి నాలుగు వేల పల్సులు.
ఎనిమిదికి పెంచాను, కూత సన్నబడింది.
పన్నెండు: సూదిమొన.
పద్నాలుగు వేలకి
"పోయింది" అన్నాను.

"ఎక్కడ పోయింది సార్, పళ్ళు జివ్వుమంటుంటే!"
తస్లీమా. పంతొమ్మిదేళ్ళు, హిందూపురం పిల్ల.

ముప్పై ఏళ్ళ లేతు మిషన్ల మోతలో
నా చెవుల పైమెట్లు ఎప్పుడు రాలిపోయాయో
నాకెవరూ చెప్పలేదు.

ఇక ఆ పిల్ల చెవులే మీటరు.
నేను తిప్పుతూ పోయాను,
"ఉంది... ఇంకా ఉంది..."
తను తల ఊపుతూ పోయింది.
ఇరవై వేల దగ్గర ఊపడం ఆపింది.

ఊరికే వస్తుందా నిశ్శబ్దం?
ట్రాన్సిస్టర్ల మీద వేలు పెడితే చుర్రుమంది.
మోటారు మింగిన అరుపు
ఇక్కడ కాగుతోంది.
పాత ఇన్వర్టర్లోంచి అల్యూమినియం రెక్కలు ఊడబీకి
దానికి బిగించాను.

కుర్చీని నేలకి దించి నడిపాం.
టైర్ల కింద ఇసుక నలిగిన చప్పుడు, అంతే.

గుమ్మంలో పడుకున్న కుక్క మాత్రం
చెవులు నిక్కబొడుచుకుని
లేచి,
పక్కకి జరిగి
దారి ఇచ్చింది.