మూడింటి నీడ

వెనక వసారా గోడకి పక్కపక్కనే రెండు పెట్టెలు.
ఒకటి ఇన్వర్టరు.
రెండోది, మనం ఊరికిచ్చిందీ ఊరు మనకిచ్చిందీ
విడివిడిగా రాసుకునే మీటరు.
వాటి కింద మేకుకి వేలాడేది నా చిట్టా.
ఎడమ పేజీలో పిండి బాకీలు,
కుడి పేజీలో ఎండ జమ.

జమ పన్నెండున్నర, ఖర్చు తొమ్మిది. ఉల్లిపొర మబ్బు.
జమ ఆరు. మంచు విడేసరికి పదయింది.
జమ పదకొండు. కాకిరెట్టలు కడిగాను.
జమ ఒకటి. తుఫాను.
జమ ఒకటి. తుఫాను.

అంబాజీపేటలో నా ఇడ్లీ పిండి చాలామందికి తెలుసు.
అది ఎండతో రుబ్బిందని కొందరికే.
ఇదివరకు తెల్లారగట్ల నాలుక్కి వేసేదాన్ని గ్రైండరు.
ఇప్పుడు మిట్టమధ్యాహ్నం,
సూర్యుడు పలకల మీద నిటారుగా నిలబడ్డాక.
రాత్రికి పొంగుతుంది,
కోడి కూసేసరికి కవర్లలో ఉంటుంది.
"ఎప్పుడు రుబ్బినా లెక్క ఒకటేనండి,
ఇచ్చింది పుచ్చుకున్నదాంట్లో కొట్టేస్తారు,"
అంటాడు రీడింగు తీసే రాంపండు.
ఆయ్, తెలుసు.
నా ఎండ నా రాళ్ల మధ్యే నలగాలని
నా చాదస్తం.

ఒక రాత్రి రెండింటికి లేచి చూశాను.
ఇల్లంతా పడుకున్నాక కూడా
పన్నెండు వాట్లు ఎవరో తింటున్నారు.
ఫ్రిజ్ ఆపాను. ఇంకా తింటున్నారు.
ఫ్యాను ఆపితే మా ఆయన లేచి కర్ర తీశాడు.
టార్చి వేసుకుని గది గదీ వెతికితే,
రెండేళ్ల కిందట చచ్చిపోయిన టీవీకి
ఇంకా ఊడిగం చేస్తున్న డబ్బా,
దుమ్ములో, ఎర్ర కన్ను తెరుచుకుని.
పీకేసి పడుకున్నాం.
ఆ నిద్ర రుచే వేరు.

అసలు దొంగ మాత్రం పగటివాడు.
ఫోనులో రోజూ ఒక కొండ గీసుకుంటుంది
పొద్దున ఎక్కి, సాయంత్రం దిగుతూ.
మూడింటికి, దాని భుజం మీద
ఒక పంటిగాటు.
రోజూ అక్కడే.
డాబా ఎక్కి చూశాను:
మట్టపర్తి వీరవేణి గారి కొబ్బరిచెట్టు
గోడ అవతల నిలబడి
తన తల నీడని నా పలకల మీద ఆరేసుకుంటోంది.

రోజుకి ముప్పావు యూనిట్టు.
ఏడాదికెంతో కట్టాను.
చెట్టు కాపు ఎంతో అదీ కట్టాను,
నిరుడు మార్కెట్టు రేటుకి.
చిట్టా పట్టుకుని వెళ్లి కుడి పేజీ విప్పాను.
ఆవిడ కళ్లజోడు పెట్టుకుని
అంకె అంకెకీ వేలు ఆనించి చదివింది.
చదివి అడిగింది:
"మరి నీ గ్రైండరు మోత
మా మధ్యాహ్నం కునుకుని ఎన్ని యూనిట్లు తిందో
ఇందులో ఏ పేజీలో ఉందే?"

నా దగ్గర ఆ పేజీ లేదు.

ఇప్పుడు పదింటికే రుబ్బుతున్నాను.
ఆవిడేమో దింపుకి వచ్చిన గెద్దాడ ఏసుబాబుతో
మా వైపు మట్టలు రెండు ఎక్కువ కొట్టమంది.
కొట్టిన రోజు గాటు పూడింది.
మళ్లీ దింపు నాటికి
మెల్లగా పళ్లొస్తాయి దానికి.
గీత చూసి చెప్పేస్తాను
ఏసుబాబు వచ్చి ఎన్నాళ్లయిందో.

ఇవాళ లైను పోయింది.
కాలువ గట్టు మీద ఏదో తీగ తెగిందట.
బయట ఎండ మండిపోతోంది,
పైన పలకలన్నీ నోళ్లు తెరుచుకునే ఉన్నాయి,
కానీ ఊరికి కరెంటు లేనప్పుడు
నా ఇన్వర్టరూ కళ్లు మూసుకుంటుంది.
అది దాని నియమం.
సగం నలిగిన మినప్పప్పు రాళ్ల మధ్య ఆగిపోయింది.
గోడ అవతల వీరవేణి గారి గురక
చాన్నాళ్లకి, మొదటి నుంచి చివరిదాకా విన్నాను.

చిట్టా పట్టుకుని డాబా మెట్ల మీద కూర్చున్నాను.
మూడింటికి నీడ వచ్చింది.
మొదటి పలక అంచు తాకి,
రెండోదాని మీద వేళ్లు చాపి,
గాలికి కాస్త అటూ ఇటూ కదిలి,
పావుతక్కువ నాలుగుకి దిగి వెళ్లిపోయింది.

నా దగ్గర్నుంచి ఏమీ తీసుకోలేదు.
అయినా టైము రాసుకున్నాను.